ఆమోసు 3:2 లో ఆ ఒక్క "గనుక"

నిన్న రాత్రి ఫ్యామిలీ ప్రేయర్‌లో బైబిల్లో ఆమోసు ప్రవక్త పుస్తకం మూడో అధ్యాయం వచ్చింది, చదువుకుంటూ పోతూ రెండో వచనం దగ్గర ఆగిపోయాను. దేవుడు ఇశ్రాయేలు జనంతో అంటున్న మాట అది. "భూమిమీది సకల వంశములలోను మిమ్మును మాత్రమే నేను ఎరిగియున్నాను గనుక మీరు చేసిన దోషక్రియలన్నిటినిబట్టి మిమ్మును శిక్షింతును." ఎన్నిసార్లు చదివానో, ఆ "గనుక" మాత్రం నిన్నటిదాకా నా మనసుకి తగల్లేదు. మిమ్మల్ని మాత్రమే ఎరుగుదును గనుక... అని ఆపితే మనం ఏమని పూర్తి చేస్తాం? కాపాడతాను, గెలిపిస్తాను, మీ శత్రువుల్ని తొక్కేస్తాను అనే కదా. ఆమోసు నోట వచ్చింది శిక్ష.

ఆయన ప్రవక్తల ఇంట్లో పుట్టినవాడు కాదు, తెకోవలో పసులు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడు. యూదా నుంచి ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యంలోని బేతేలుకి వెళ్ళి, అక్కడి రాజు రెండో యరొబాము కాలంలో, దేశం మంచి డబ్బు మీదున్న రోజుల్లో, చెప్పుల జత కోసం బీదవాళ్ళని అమ్మేస్తున్నారు మీరు అని మొహం మీదే అన్నాడు. అక్కడి యాజకుడు అమజ్యాకి కోపం వచ్చి ఇది రాజుగారి ప్రతిష్ఠిత స్థలం, ఇక్కడ ప్రవచించొద్దు పో అన్నాడు. బేతేలు అంటే అర్థమే దేవుని మందిరం, దాన్ని పట్టుకుని రాజుగారిది అనేశాడు చూడండి, నాకైతే దేవుడు మమ్మల్ని ఏర్పరచుకున్నాడన్న నమ్మకం జాతీయవాదంగా ఎట్లా మారుతుందో ఆ ఒక్క మాటలోనే కనపడింది.

దేవుడు ఏర్పరచుకోవడం గొప్పా, బరువా అనే ఈ గొడవ యూదుల్లో ఇప్పటికీ నడుస్తోంది. సినగాగ్‌లో (వాళ్ళ ప్రార్థన మందిరంలో) తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, చదవడానికి పిలిచినవాళ్ళు ముందు ఒక స్తుతి చెప్తారు, సకల జనాల్లో మమ్మల్ని ఏర్పరచుకుని నీ తోరా మాకిచ్చిన దేవా అని. ఏర్పరచుకోవడం వెంటనే ధర్మశాస్త్రం, అంటే భుజాన బరువు. అమెరికాలో రబ్బీ (యూదుల మతగురువు) మొర్దెకై కప్లాన్ అసలు ఆ ఏర్పరచుకోవడం అన్న మాటే వద్దని తీసేసి 1945లో ప్రార్థన పుస్తకం వేస్తే న్యూయార్క్‌లో సంప్రదాయ రబ్బీలు కొందరు ఆయన్ని వెలివేశారు, ఆ పుస్తకాన్ని కాల్చారు కూడా.

ఇజ్రాయెల్‌లో 1967లో అరబ్బు దేశాలతో యుద్ధం గెలిచి కొత్త ప్రాంతాలు ఆక్రమించాక రబ్బీ జ్వీ యెహూదా కూక్ శిష్యులు ఈ గెలుపు దేవుడి విమోచనలో భాగం, ఈ నేల వదలకూడదు అన్నారు, ఆ ప్రాంతాల్లో యూదుల ఊళ్ళు కట్టే గుష్ ఎమునీమ్ ఉద్యమం 1974లో పుట్టింది వాళ్ళలోంచే. అదే దేశంలో యెషయాహు లైబోవిట్జ్ అనే సైంటిస్టు, ఆయనా నిష్ఠగా ఆజ్ఞలు పాటించే యూదుడే, ఆక్రమించిన ప్రాంతాలు వదిలేయండి అని మొదట్నుంచీ అరిచాడు. ఆయన చూపించింది సంఖ్యాకాండం. 15వ అధ్యాయం చివర నా ఆజ్ఞలు చేసి పరిశుద్ధులు కండి అని దేవుడంటాడు, అంటే ఇంకా కావాల్సి ఉంది. పేజీ తిప్పితే 16:3లో మోషే మీద తిరగబడ్డ కోరహు "ఈ సర్వసమాజములోని ప్రతివాడును పరిశుద్ధుడే" అంటాడు, అంటే అయిపోయాం, పుట్టుకతోనే వచ్చేసింది. నేల నోరు తెరిచి మింగింది ఎవర్నో మనందరికీ తెలుసు, ఆ కోరహునే.

వాళ్ళని వేలెత్తి చూపడానికి రాయట్లేదండి ఇది. "మీరు ఏర్పరచబడిన వంశమును" అని 1 పేతురు 2:9 సండే స్కూల్లో కంఠతా పట్టినవాళ్ళమే మనమూ, ఇకనుంచి మేమే అసలు ఇశ్రాయేలు అని చెప్పుకుని క్రైస్తవ రాజ్యాలు శతాబ్దాలపాటు యూదుల్నే తరిమి చంపాయి. ఆ చరిత్ర తెలిసి కూడా ఆ వాక్యం గర్వంగా పాడటం నాకు ఈమధ్య కష్టంగా ఉంటోంది.

ఇంకోటి చెప్పాలి, ఇది తెలిసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. యోసేపుని అన్నలు ఇరవై వెండి నాణేలకి అమ్మేసిన భాగం సినగాగ్‌లో చదివే శనివారం, దాంతోపాటు ప్రవక్తల్లోంచి చదివేది ఆమోసు 2:6 నుంచి. డబ్బు కోసం నీతిమంతుల్ని అమ్మేస్తున్నారు అని మొదలై మన "గనుక" మీదుగా వెళ్తుంది. తమని తిట్టిన వాక్యాన్ని దాచుకోకుండా దాదాపు ఏటా తమ గుడిలో తామే పైకి చదువుకుంటారు.

వచ్చే ఆదివారం సండే స్కూల్ క్లాస్ నాది. కంఠతా వాక్యం ఆమోసు 3:2 ఇస్తున్నాను, పిల్లలకి కాస్త పొడుగే, అయినా చివరిదాకా.