శబ్దం తీసేసిన వీడియోలు

డెవలప్‌మెంటల్ సైకాలజీ (పిల్లల మనసు ఎదిగే తీరును చదివే శాస్త్రం) ల్యాబులో డిగ్రీ చదువుతూ పనిచేసినవాళ్లకు, ఆ పేరెత్తగానే గుర్తొచ్చేది శబ్దం తీసేసిన వీడియోలు. పరిశోధన అంటే ఏమిటో అక్కడే తెలిసొస్తుంది కాబట్టి, ఇప్పుడు చేరబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ పని వివరం చెప్పాలనిపించింది.

6 నెలల పాప అమ్మ ఒళ్లో కూర్చుని తెరకేసి చూస్తుంటుంది. ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వేస్తాం, ఒక్కోసారి వేయడాన్ని ట్రయల్ అంటాం. పాప 2 సెకన్లపాటు చూపు తిప్పుకుంటే ఆ ట్రయల్ అయిపోయినట్టే. వరసగా 3 ట్రయల్స్‌లో చూసిన సమయం, మొదటి 3 ట్రయల్స్‌లో చూసినదాంట్లో సగానికి పడిపోగానే కొత్త బొమ్మ వేస్తాం. చూపు మళ్లీ పెరిగిందంటే పాప తేడా పసిగట్టిందన్నమాట. చూసిన బొమ్మ మీద ఆసక్తి తగ్గడాన్ని రాబర్ట్ ఫాంట్జ్ 1964లోనే కొలిచి చూపించారు.

అమ్మ కళ్లు మూసుకోవాలి. ఆమె తెర చూస్తే, తెలియకుండానే ఒళ్లు కదిలి పాపకు సైగ అందుతుంది. పాప చూస్తున్నంతసేపూ మీట నొక్కి సమయం కొలిచేవారికి కూడా తెర మీద ఏ బొమ్మ ఉందో తెలియకూడదు. పాప వెనకాల కిటికీ ఉంటే మొహం నల్లగా పడి కనుపాప కనబడదు, ఆ వీడియో ఇక పనికిరాదు. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే పాప ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు పాలు తాగుతుంది, 37 వారాలు నిండాకే పుట్టిందా అని అడిగి రాసుకోవాలి.

అసలు శ్రమ కోడింగ్‌లో ఉంది, అంటే శబ్దం తీసేసిన వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూస్తూ పాప చూపు ఎటుందో గుర్తు పెట్టడం. సెకనుకు 30 ఫ్రేములు, అంటే నిమిషానికి 1,800. కనుపాప తెర మీద నిలిచిన మొదటి ఫ్రేమ్ ఏదో గుర్తించాలి. రెప్పపాటును చూపు తిప్పడంగా లెక్కేయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. అదే వీడియోను ఇంకొకరు విడిగా కోడ్ చేస్తారు. ఇద్దరికీ 90 శాతం పొత్తు కుదిరిందని సంబరపడకూడదు. పాప 90 శాతం సమయం తెరనే చూస్తుంటే, ఇద్దరూ ఏమీ చూడకుండా అదే పాళ్లలో గుర్తులు పెట్టినా 82 శాతం కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక పొత్తు తీసేసి లెక్కగట్టే కొలత కప్పా (పూర్తి పొత్తుకు 1) ఇక్కడ 0.44 మాత్రమే, అంటే మళ్లీ శిక్షణకు కూర్చోవాల్సిందే. కోడింగ్ ముగిసేదాకా ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోకూడదు. మాట్లాడుకుంటే ఆ అంకెకు అర్థం పోతుంది.

4 ఏళ్ల పిల్లల దగ్గర చిక్కు వేరు. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, మొదటి జవాబు తప్పేమోననుకుని మార్చేస్తారు. సరైన జవాబుకే ‘వెరీ గుడ్’ అన్నా అంతే, మొహం చూసి జవాబు పట్టేస్తారు. ఏం చెప్పినా ఒకే మాట, ఒకే గొంతుతో అనడం సాధన చేయాలి.

ఒక్క సెమిస్టర్‌కైతే చేరొద్దు, శిక్షణకే చాలా వారాలు పోతాయి. ఏ సెషన్ తీసేయాలన్న నియమం డేటా చూడకముందే రాసి ఉందో లేదో చేరేముందే అడగండి. ఆగిపోయిన సెషన్ పక్కన ‘పాప ఏడ్చింది’ అని రాసి వదిలేయకండి. ఎన్నో ట్రయల్‌లో, ఏ బొమ్మ దగ్గర, ఎన్ని సెకన్లకో కూడా రాయండి. పాపలు వరసగా ఒకే చోట ఏడుస్తుంటే ముందు ఆ ట్రయల్‌లో వినిపించే శబ్దం ఎంత పెద్దగా ఉందో చూడాలి.