పాత ఐరన్లు ఉంచుకున్నాను, డ్రైవర్ మార్చాను

నా గోల్ఫ్ సెట్‌కి దాదాపు ఇరవై ఏళ్లు. కొట్టి మలిచిన ఉక్కుతో చేసిన (ఫోర్జ్‌డ్) ఐరన్లు, మొదటి దూరపు షాట్‌కి వాడే, 400 సీసీ తల ఉన్న డ్రైవర్, దగ్గరి షాట్లకు రెండు వెడ్జ్‌లు, గుంట ఉండే నున్నటి పచ్చిక (గ్రీన్) మీద బంతిని దొర్లించే ఒక పటర్. నాతో ఆడేవాళ్లలో చాలామంది కొత్త సెట్లకు మారిపోయారు. ఐరన్ నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది. వాళ్లు సెవెన్ ఐరన్ తీసే చోట నేను సిక్స్, ఒక్కోసారి ఫైవ్ తీయాల్సి వస్తుంటే మనసు పీకుతూనే ఉండేది. తగ్గింది నా స్వింగ్ వేగమా, లేక క్లబ్బులే వెనకబడ్డాయా? అది తేలాకే కొనడం సంగతి ఆలోచించాలనుకున్నాను.

ఆటగాడికి తగ్గ క్లబ్బులు కొలిచి చూసే ఫిట్టింగ్‌కి వెళ్లేటప్పుడు పాత క్లబ్బులన్నీ వెంట తీసుకెళ్లాను. వాటితో పాటు కోర్సులో నేను ఆడే బంతులు కూడా. ప్రాక్టీస్ చోట ఇచ్చే రేంజ్ బంతులు ఎగిరే తీరు వేరు, వాటితో వచ్చిన అంకెల్ని నమ్మి డబ్బు పెట్టలేను. ముందు నా సెవెన్ ఐరన్‌తో కొట్టాను, తర్వాత కొత్త సెవెన్ ఐరన్‌తో. బంతి వేగం, దూరం కొలిచే లాంచ్ మానిటర్ మీద కొత్తది ఒక క్లబ్బు తేడాకు మించి దూరం చూపించింది. చాలామంది ఈ దశలోనే కొనేస్తారు. నేను మాత్రం ఫిట్టర్‌ని, "రెండింటి లాఫ్ట్ కొలిచి చెప్తారా?" అని అడిగాను.

లాఫ్ట్ అంటే క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం, అది తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది. నాది 34 డిగ్రీలు. కొత్తది 29.

"మీ సిక్స్ ఐరన్‌తో పోల్చి చూడండి సార్, అదే సరైన జోడీ" అన్నారాయన. ఆ మాట చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. నా సిక్స్ ఐరన్ 30 డిగ్రీలు. క్లబ్బు అడుగున ఏ నంబరు చెక్కాలన్న నియమమేదీ లేదు. లాఫ్ట్ తగ్గించి, షాఫ్ట్ (క్లబ్బు కర్ర) కాస్త పొడవు చేస్తే పాత సిక్స్ ఐరనే కొత్త సెవెన్ ఐరన్ అవుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన కొట్టి చూస్తే తేడా కొద్ది యార్డులకు తగ్గిపోయింది.

ఆ కొద్ది యార్డులూ ఉత్తవి కావు. కొత్త ఐరన్‌లో బరువు అడుగుకు, అంచులకు జరిగి ఉంటుంది, ముఖం పలుచన. అందుకే బంతి తేలిగ్గా లేస్తుంది, నడిమధ్య తగలకపోయినా మరీ కుంగిపోదు. నా పాత ఐరన్‌తో టో వైపు, అంటే ముఖం కొన వైపు తగిలితే గ్రీన్ ముందున్న ఇసుక గుంట (బంకర్)లో పడే షాట్, కొత్తదానితో గ్రీన్ అంచు దాకా చేరింది. నెలకో రెండు నెలలకో ఒకసారి ఆడేవాళ్లకు నేనైతే కొత్తవే కొనమంటాను. కానీ నా లెక్కలో ఇంకో అంకె ఉంది, బంతి కిందికి దిగే కోణం. అది 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటే గ్రీన్ మీద పడ్డ బంతి ఆగుతుంది. కొత్త ఐరన్‌తో నా బంతికి స్పిన్ తగ్గింది, పడ్డాక ముందుకు పరిగెత్తింది. గట్టి గ్రీన్ల మీద అలా ఆడటం నాకు ఇష్టం లేదు.

వెడ్జ్‌ల చిక్కు కూడా చూడాలి. ఆ కొత్త సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, నా సాండ్ వెడ్జ్ 56. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ పూడ్చాలంటే కనీసం ఒకటి, సరిగ్గా అమరాలంటే రెండు వెడ్జ్‌లు కావాలి. బ్యాగులో 14 క్లబ్బులకు మించి పెట్టుకోకూడదు కాబట్టి, అది నిండి ఉంటే పొడవు క్లబ్బుల్లో ఏదో ఒకటి తీసేయాలి. నా పాత పిచింగ్ వెడ్జ్ 48 డిగ్రీలు. దానికీ సాండ్ వెడ్జ్‌కీ మధ్య ఇంకో క్లబ్బు అవసరమే లేదు.

డెమో క్లబ్ అడిగి తెచ్చుకుని పచ్చిక మీద కూడా కొట్టాను. మ్యాట్ మీద బంతికి కాస్త వెనక తగిలినా క్లబ్బు జారిపోయి షాట్ బాగానే కనిపిస్తుంది. నేల మీద అలా కుదరదు. అక్కడ కూడా నా ఐరన్లే నాకు నచ్చాయి. ఒక్కటే లోటు, బంతి కొద్దిగా ఎడమకు పోతోంది. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్బు ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టాను. ముఖం మీద పడ్డ గీత నిలువుగా రాకుండా ఒరిగి వచ్చింది. అంటే లై కోణం (షాఫ్ట్ నేలతో చేసే కోణం) నాకు ఎక్కువ. ఫోర్జ్‌డ్ ఐరన్లు మెత్తటి ఉక్కువి కనుక వంచడం తేలిక. సెట్ మొత్తం 2 డిగ్రీలు ఫ్లాట్ చేయించాను (ఆ కోణం తగ్గించాను), లాఫ్ట్ తేడాలు కూడా సరిచేశారు. ఎడమకు పోవడం ఆగింది.

డ్రైవర్ కథ వేరు. క్లబ్బు ముఖం బంతిని ఎంత వేగంగా తిప్పికొట్టొచ్చో నియమాల్లోనే హద్దు ఉంది, తల సైజుకీ 460 సీసీ హద్దు. కాబట్టి నడిమధ్య తగిలిన షాట్లలో పాతదానికీ కొత్తదానికీ పెద్ద తేడా కనబడలేదు. నేను మంచి షాట్లను పక్కనపెట్టి చెడ్డవాటినే పోల్చాను. ముఖం మీద ఫుట్ పౌడర్ స్ప్రే కొడితే బంతి ఎక్కడ తగిలిందో అచ్చు కనిపిస్తుంది. పాతదానితో హీల్ వైపు, అంటే షాఫ్ట్ కలిసే వైపు తగిలినప్పుడల్లా స్పిన్ పెరిగి బంతి గాల్లో చచ్చిపోయేది. కొత్తదానితో అదే చోట తగిలినా పొట్టి పచ్చిక దారి (ఫెయిర్‌వే)కి దగ్గర్లోనే పడింది. తలకు షాఫ్ట్ కలిసే చోట ఉండే హోజెల్ తిప్పి లాఫ్ట్ కొంచెం పెంచాక ఇంకా కుదిరింది. ఇక సందేహం లేకుండా డ్రైవర్ కొన్నాను, అదీ కిందటి ఏడాది మోడల్. హద్దులు మారనప్పుడు ఈ ఏడాదిదే కావాలని పట్టుబట్టే పని లేదు.

సాండ్ వెడ్జ్ కూడా మార్చాను. ఇసుకలో ఆడీ ఆడీ దాని ముఖం మీది గీతలు (గ్రూవ్‌లు) అరిగిపోయాయి, తడి గడ్డిలోంచి కొడితే స్పిన్ అసలు పట్టడం లేదు. అదే లాఫ్ట్‌లో కొత్తది తీసుకున్నాను. పటర్ జోలికి పోలేదు.

గ్రిప్‌ల సంగతి గట్టిగా చెప్పాలి. రబ్బరు గట్టిపడితే తెలియకుండానే చేతులు బిగిస్తాం, స్వింగ్ బిగుసుకుపోతుంది. పాతవి కోసేసి, టేప్ గీకి, కొత్త టేప్ చుట్టి, సాల్వెంట్ పోసి ఇంట్లోనే అన్నీ మార్చుకున్నాను. తర్వాత అవే ఐరన్లు చేతిలో వేరే క్లబ్బుల్లా అనిపించాయి. కొత్త సెట్ చూడబోయే ఎవరైనా ముందు పాతవాటికి గ్రిప్‌లు మార్చి, లాఫ్ట్, లై కొలిపించి, ఆ తర్వాతే పోల్చుకోవాలని నా గట్టి నమ్మకం.

ఫోర్ ఐరన్ ఒక్కటే ఇంకా తేలలేదు. అది 24 డిగ్రీలు, కొట్టడం ఏటేటా కష్టమవుతోంది. అదే లాఫ్ట్ ఉన్న హైబ్రిడ్ (ఐరన్‌కీ డ్రైవర్ లాంటి క్లబ్బుకీ మధ్య రకం) ఒకటి స్నేహితుడి దగ్గర తెచ్చుకుని రెండూ బ్యాగులో పెట్టుకుని ఆడుతున్నాను. పొడుగు గడ్డి (రఫ్)లో హైబ్రిడ్ నయం, ఎదురుగాలిలో ఐరనే నయం అనిపిస్తోంది. వానలు పడి నేల మెత్తబడ్డాక ఇంకొన్నాళ్లు చూసి ఏది ఉంచాలో నిర్ణయిస్తాను.