క్యాన్సర్ తగ్గింది, చెయ్యి వాచింది

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి చంకలో లింఫ్ గ్రంథులు తీసేసిన ఆడవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది. దాన్ని లింఫెడిమా అంటారు, అంటే ఒంట్లోంచి తిరిగి రక్తంలో కలవాల్సిన లింఫ్ అనే నీరు దారి తెగి చేతిలోనే నిలిచిపోవడం. కొందరికి నెలల్లోనే వస్తుంది, కొందరికి ఏళ్లు గడిచాక, ఇక అంతా అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాక వస్తుంది. ఈ రెండు ముక్కలు నాకు ఆపరేషన్‌కి ముందు ఎవరూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు, రేడియేషన్ అయ్యి ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాగితాల్లోనూ లేదు. ఇప్పుడు చెయ్యి నెమ్మదించింది, పెన్ను పట్టుకోగలుగుతున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఊరు. గవర్నమెంటు బడిలో టీచర్‌ని. గడ్డ వచ్చింది కుడి వైపు. బయాప్సీ, ఆపరేషన్, కీమో, జుట్టు ఊడిపోవడం, రేడియేషన్, ఇవన్నీ అందరికీ అయినట్టే నాకూ అయ్యాయి. ఉద్యోగుల హెల్త్ కార్డు ఉండబట్టి డబ్బుకి మరీ ఇబ్బంది పడలేదు. ఆపరేషన్ చేసిన సర్జన్ గారు పెద్ద పనిమంతుడు. కుట్టు మానిన తీరు చూసి వేరే డాక్టర్లు కూడా మెచ్చుకున్నారు. నా ప్రాణం నిలబెట్టిన మనిషి, ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలని పొద్దున దేవుడి దగ్గర నిలబడ్డప్పుడల్లా అనుకుంటాను. నా కోపం కూడా ఆయన మీదే.

మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టాక, ఏడాది తిరిగే వేళకి, కుడి చేతి గాజులు బిగుసుకోవడం మొదలైంది. ఒళ్లు వస్తోందేమో అనుకున్నాను. తర్వాత జాకెట్టు చెయ్యి పట్టేసి, విప్పితే కుట్టు అచ్చు చర్మం మీద పడి ఉండేది. రెండో పీరియడ్‌కే చెయ్యి ఎత్తి బోర్డు మీద రాయడం కష్టమైపోయేది. నొప్పి కాదు, బరువు. భుజానికి ఏదో కట్టి వేలాడదీసినట్టు ఉండేది. రాత్రి ఏ వైపు తిరిగి పడుకోవాలో తెలిసేది కాదు.

చెకప్‌కి వెళ్లినప్పుడు సర్జన్ గారికి చూపించాను. ఆయన ఫైల్లోంచి తలెత్తకుండానే, "ప్రాణం దక్కింది కదమ్మా, చెయ్యి కాస్త లావైతే ఏమైంది? నిండు చేతుల జాకెట్టు కుట్టించుకోండి" అన్నారు. పక్కనున్న నర్సు నవ్వింది. మా ఆయన కూడా ఏమనాలో తెలియక చిన్నగా నవ్వారు. నేను లేచి వచ్చేశాను. ఆ గదిలో ఆయన గడిపింది రెండు నిమిషాలో మూడు నిమిషాలో, ఆ మాట మాత్రం నాతో ఇంటికొచ్చి నెలల తరబడి ఉండిపోయింది. నేను అందం గురించి అడగలేదు. నా కుడి చెయ్యి నా జీతం, నా వంట, నా రాత, నా మనవరాల్ని ఎత్తుకునే చెయ్యి. అప్పుడే, వాపు ఇంకా మెత్తగా, వేలితో నొక్కితే గుంట పడే స్థితిలో ఉండగానే, "ఫిజియోథెరపీకి వెళ్లండి" అని ఒక్క ముక్క రాసిచ్చి ఉంటే తర్వాతిదంతా ఉండేది కాదు. మొదట్లో పట్టుకుంటే త్వరగా లొంగే జబ్బిది. వదిలేస్తే చర్మం, దాని కింది పొర గట్టిపడిపోతాయి, ఆ తర్వాత తగ్గించడం చాలా కష్టం.

ఊళ్లో మాట ఇంకో రకం. మా గోదావరి జిల్లాల్లో బోదకాలు అందరికీ తెలిసిన జబ్బే, దోమల నివారణ అని, డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలని ఆరోగ్య శాఖ వాళ్లు ఇంటింటికీ తిరగడం చిన్నప్పటి నుంచీ చూసినవాళ్లమే. నా చెయ్యి చూసి "చేతికి బోదకాలు వచ్చిందటగా" అన్నారు. బోదకాలు ఫైలేరియా పురుగు వల్ల వస్తుంది, అది దోమ ద్వారా ఒంట్లో చేరి లింఫ్ నాళాలను పాడు చేస్తుంది. నాకు ఆ దారిని కోసింది సర్జరీ, మిగిలింది కాల్చింది రేడియేషన్. ఎవరికీ అంటుకునేది కాదు. అయినా నా చేత్తో ఇచ్చిన కాఫీ గ్లాసు తాగకుండా పక్కన పెట్టేసిన మనిషి మొహం నేను మర్చిపోలేదు.

మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, మంచి మనసున్న మనిషి. ఎక్కడో నాటు వైద్యుడి దగ్గర తైలం తెచ్చి, "గట్టిగా పిసికితే నీరు దిగిపోద్ది అమ్మాయ్" అని మణికట్టు నుంచి భుజం దాకా రెండు చేతులతో ఒత్తి ఒత్తి తోమింది. ఆవిడ పాపం చెమటలు కక్కుకుంటూ ప్రేమగా చేసింది. మర్నాటికి చెయ్యి ఎర్రగా కంది, ఇంకాస్త ఉబ్బింది. లింఫ్ నాళాలు చర్మం కిందే, వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయట. గట్టిగా ఒత్తితే అవి తెరుచుకోవు, నలిగిపోతాయి, పైగా ఆ చోటికి రక్తం ఎక్కువగా వచ్చి వాపు పెరుగుతుంది. ఇది తర్వాత తెలిసింది.

ఇక ఆ రాత్రి. వానాకాలం, పగలంతా ముసురు. సాయంత్రం మోచేతి దగ్గర దోమ కుట్టిన చోట దద్దురు లేచింది, అంతే. తొమ్మిదింటికి వణుకు పట్టుకుంది. దుప్పట్లన్నీ కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. జ్వరం 104. చెయ్యి చూస్తే మోచేతి నుంచి భుజం వైపు ఎరుపు పాకుతోంది, ముట్టుకుంటే పొయ్యి మీద పెనంలా కాలిపోతోంది. కరెంటు లేదు. మా ఆయన సెల్ లైటు పట్టుకుని చూస్తున్నారు, ఆయన చెయ్యి కూడా వణుకుతోంది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే "అమ్మా, చెయ్యి మీద ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గియ్యి, అరగంట తర్వాత చూడు" అన్నాడు. వాడికి ఎవరో డాక్టరు ఫ్రెండు చెప్పాడట. అరగంట కూడా అవ్వలేదు, ఎరుపు గీత దాటేసింది.

పక్కింటి అబ్బాయి కారు తీశాడు. ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి వాన అద్దం మీద కుండపోత, రోడ్డు కనపడటం లేదు. నా మనసులో ఉన్నది రెండే ఆలోచనలు. ఒకటి, క్యాన్సర్ తిరగబెట్టింది. రెండు, చెయ్యి తీసేస్తారు. ఆ చీకట్లో, ఒళ్ళో పెట్టుకున్న ఎడం చేత్తో మోకాలి మీద అక్షరాలు రాసి చూసుకున్నాను, అ, ఆ, ఇ, ఈ, రాయగలనా అని. అయినవిల్లి సిద్ధి వినాయకుడికి మొక్కుకున్నాను. పరీక్షల ముందు మా పిల్లలందరికీ అక్కడి పెన్నులే ఇప్పించేదాన్ని. స్వామీ, ఇన్నేళ్లు నీ పేరు చెప్పి పెన్నులు పంచాను, నా చేతిలోంచి పెన్ను తీసుకోకు అని అడిగాను. యానాం దాటుతుండగా ఒళ్లు తెలియకుండా పోయింది.

కాకినాడలో డ్యూటీలో ఉన్నది మా అమ్మాయి వయసున్న పిల్ల. ఫైలు తిరగేసి, చెయ్యి పట్టుకుని చూసి, మొట్టమొదట అన్న మాట, "అమ్మా, ఇది క్యాన్సర్ కాదు. చర్మం కింద ఇన్ఫెక్షన్, సెల్యులైటిస్ అంటారు. తగ్గుతుంది." నా కళ్లలోకి చూసి చెప్పింది. ఆ తర్వాతే సూది తీసింది. సెలైన్ పెట్టడానికి నర్సు కుడి చెయ్యి అందుకోబోతే "ఆ చేతికి వద్దు" అని ఆపింది. లింఫ్ పారుదల లేని చోట సూక్ష్మక్రిములతో పోరాడే శక్తి తగ్గుతుందని, చిన్న గీత, దోమకాటు, పగిలిన గోరు చాలని, అలా వచ్చిన ప్రతి ఇన్ఫెక్షన్ మిగిలిన నాళాలను ఇంకాస్త పాడు చేస్తుందని ఆ పిల్ల మంచం పక్కన నిలబడి చెప్పింది. పెద్ద సర్జన్ చెప్పనిది ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఏళ్ల పిల్ల అర్ధరాత్రి పూట చెప్పింది. యాంటీబయాటిక్స్‌తో ఎరుపు వెనక్కి తగ్గింది. డిశ్చార్జి చేస్తూ లింఫెడిమా చూసే ఫిజియోథెరపిస్టు పేరు చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీ నా పర్సులోనే ఉంది.

ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి రోజు నేను నమ్మలేదు. చెయ్యి వాచిందని వెళ్తే ఆవిడ మసాజ్ మెడ దగ్గర మొదలుపెట్టింది. అదీ ఎంత తేలికగా అంటే, చర్మాన్ని కొద్దిగా సాగదీసి వదిలేయడమే, నూనె లేదు, ఒత్తుడు లేదు. దీనికి డబ్బులెందుకు అనిపించింది. ఆవిడ మా కోనసీమ మనిషే, నాకు అర్థమయ్యేలా చెప్పింది. "ఒక బోదె పూడుకుపోతే చేలో నీళ్లు నిలబడతాయి కదండీ, పక్క బోదె ముందు ఖాళీ చేసి అటు తిప్పాలి. ఇదీ అంతే." ఒంట్లో లింఫ్ చివరికి మెడ కింద, కాలర్ ఎముకల దగ్గర పెద్ద రక్తనాళాల్లో కలుస్తుంది. అందుకని ముందు మెడ, తర్వాత బాగున్న ఎడమ చంక, గజ్జ, ఆ పైన ఛాతీ అడ్డంగా దారి, అప్పుడు కుడి భుజం పైభాగం, ఆఖరికి మోచెయ్యి, వేళ్లు. వేళ్ల నుంచి మొదలుపెట్టి పైకి తోస్తే ఆ నీరు వెళ్లడానికి చోటు ఉండదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930ల్లో ఫ్రాన్స్‌లో పనిచేస్తూ, జలుబు వదలని మనుషుల మెడలో ఉబ్బిన గ్రంథుల మీద ఇలా మెల్లగా చేసి చూశారట, 1936లో పారిస్‌లో బయటపెట్టారు. ఆ తర్వాత జర్మనీలో డాక్టర్లు దీనికి పట్టీలు, వ్యాయామం, చర్మ సంరక్షణ కలిపి ఒక పూర్తి చికిత్సగా మార్చారు. నాకు చేసింది అదే.

మసాజ్ అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. వేళ్లకి విడివిడిగా పట్టీ, పైన స్పాంజి, దాని పైన తక్కువ సాగే పట్టీలు పొరలు పొరలుగా భుజం దాకా. మర్నాడు మళ్లీ వెళ్లేదాకా విప్పకూడదు. కోనసీమ ఎండల్లో, ఆ ఉక్కలో, ఆ కట్టుతో అన్నం కలుపుకోలేక స్పూనుతో తింటూ ఏడ్చాను. మా ఆయన నాకు జడ వెయ్యడం అప్పుడే నేర్చుకున్నారు. వదిన వచ్చి "పిసకడం తప్పంట కదే, నాకు తెలీక చేశాను" అని పట్టీలు చుట్టడం చూసి నేర్చుకుని వెళ్లింది, ఇప్పటికీ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లలేని రోజున ఆవిడే చుడుతుంది.

మొదటి వారంలోనే తేడా తెలిసింది. ముందు తగ్గింది బరువు, వాపు కాదు. మసాజ్ చేస్తుండగానే నిద్ర పట్టేసేది, ఎన్నాళ్లగానో లేని నిద్ర. టేపు పెట్టి కొలిస్తే మోచేతి కింద రెండు చేతులకీ తేడా 6 సెంటీమీటర్లు ఉండేది, అది 2కి వచ్చింది. సున్నా కాలేదు, కాదు కూడా. లింఫెడిమా పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు, బీపీ షుగర్ల వరుసలోది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మసాజ్ ఒక్కటే చాలదు. మా అబ్బాయి 2015 నాటి కోక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి బేరీజు వేసినది, తీసి నాకు చదివి వినిపించాడు, ఈ మసాజ్ ప్రమాదం లేనిదే, వాపు తగ్గించడంలో ఎక్కువ పని మాత్రం పట్టీదే, మసాజ్ దానికి కొంత కలుపుతుంది, అదీ వాపు మరీ ముదరని వాళ్లకి ఎక్కువ మేలు అని అందులో ఉంది. నా అనుభవం కూడా అచ్చం అదే. ఈమధ్య ఫోన్లో ఎటు చూసినా లింఫాటిక్ మసాజ్‌తో కొవ్వు కరుగుతుంది, ఒంట్లో విషాలన్నీ పోతాయి అని స్పా ప్రకటనలు. దిగేది నీరు, కొవ్వు కాదు. నాలాంటి చెయ్యి ఉన్నవాళ్లు అలాంటి చోట చెయ్యి పెట్టించుకోవద్దు. జ్వరం, ఎరుపు ఉన్నప్పుడు అసలు చేయించుకోకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా చేయించుకోకూడదు. లింఫెడిమాలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టేనా అని మొహమాటం లేకుండా అడగండి, నేను మొదటి రోజే అడిగాను, ఆవిడ నొచ్చుకోలేదు.

ఇప్పుడు పొద్దున స్నానం చేసి చెయ్యి తడి లేకుండా తుడుచుకుని, వేళ్ల సందులు కూడా, క్రీము రాసుకుని, నాకు నేర్పిన వరసలో నేనే మసాజ్ చేసుకుని, బిగుతు స్లీవ్ తొడుక్కుని బడికి వెళ్తాను. స్లీవ్ ఆరు నెలలకోసారి మార్చాలి, సాగిపోతే పని చెయ్యదు, దాని డబ్బులు మన చేతివే. దోమతెర లేకుండా పడుకోను. అయినవిల్లి వెళ్లి మొక్కు తీర్చుకుని, అక్కడి పెన్నుతోనే ఈసారి పదో తరగతి పేపర్లు దిద్దాను, కుడి చేత్తో.

కిందటి చెకప్‌లో సర్జన్ గారి ముందు స్లీవ్ విప్పి, రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి, అప్పుడు మీరు ఇలా అన్నారండి అని ఆ మాట యథాతథంగా చెప్పాను. ఆయనకి గుర్తు లేదు. కాసేపు మాట్లాడలేదు. "ఇంతగా తగ్గుతుందని నేను అనుకోలేదమ్మా" అన్నారు. మీరు ప్రాణం పోశారు, అది వేరే లెక్క, కానీ ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ ఇంటికెళ్లే ముందు చెయ్యి సంగతి చెప్పాలి సార్ అన్నాను. ఫిజియోథెరపిస్టు నంబరు అడిగితే ఇచ్చాను, నా ముందే రాసుకున్నారు. ఆయన దగ్గర ఈమధ్య ఆపరేషన్ చేయించుకున్న ఆవిడ ఒకరు మా మండపేట చుట్టాల్లోనే ఉన్నారు, ఆ నంబరు ఆవిడకి చేరిందో లేదో ఈ ఆదివారం వెళ్లి కనుక్కోవాలి.