తండ్రి సెలవు పదిహేను రోజులు మురిగిపోకుండా

"కనేది ఆడది, మగాడికి సెలవేటి?" ఒడిశాలో మన తెలుగువాళ్లుండే పర్లాకిమిడిలోనైనా, బరంపురంలోనైనా, రాయగడ రైల్వే క్వార్టర్లలోనైనా తండ్రికి జీతంతో సెలవు అనగానే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. మగవాళ్లే కాదు, అత్తగార్లూ అడుగుతారు. ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. తొలి కాన్పు కన్నవారింట జరగాలన్నది మన పద్ధతి. సీమంతం చేసి పిల్లను ఆంధ్రా వైపు ఇచ్ఛాపురమో పాతపట్నమో పార్వతీపురమో తీసుకెళ్తారు. బాలింతకు పథ్యం, బిడ్డకు స్నానం, రాత్రి మేలుకోవడం అన్నీ అక్కడి ఆడవాళ్ల చేతిలోనే ఉంటాయి. అల్లుడు పురుడు నాటికి వచ్చి బిడ్డను చూసుకుని వెళ్తే చాలు.

ఈ ఏర్పాటు నడవాలంటే ఆ ఇంట్లో ఓపిక ఉన్న ఇద్దరు ఆడవాళ్లుండాలి, కాన్పు మామూలుగా జరగాలి. ఇప్పుడు ఆ రెండూ ఖాయం కాదు. సిజేరియన్ అయిన మనిషికి మంచం మీద పక్కకు తిరగడమే కష్టం, బిడ్డను ఎత్తి అందించే చెయ్యి ఒకటి ఎప్పుడూ పక్కనే కావాలి. షుగరో మోకాళ్ల నొప్పులో ఉన్న అమ్మమ్మ ఒక్కతే అదంతా చేయలేదు. సెలవున్నా తండ్రి రాకపోతే ఆ భారం ఆమె మీద పడుతుంది. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

హక్కు ఎవరికి ఉందో చూద్దాం. రైల్వే, పోస్టాఫీసు లాంటి కేంద్ర కొలువుల్లో ఉన్నవారికి 15 రోజుల పెటర్నిటీ లీవు (తండ్రి సెలవు) ఉంది. బతికి ఉన్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉండాలి. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయ్యాక ఆరు నెలల లోపు వాడుకోవాలి. జీతం పూర్తిగా వస్తుంది, లీవు ఖాతాలో కోత పడదు, ఈఎల్‌తో (ఆర్జిత సెలవుతో) కలుపుకోవచ్చు. ఏడాదిలోపు బిడ్డను దత్తత తీసుకున్నా ఇదే లెక్క. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు పనిచేసే ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2005 నుంచి 15 రోజులు ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వం 2024లో అద్దె గర్భం ద్వారా బిడ్డను పొందిన ఉద్యోగి తండ్రికీ 15 రోజులు ఇచ్చింది.

ఆరు నెలలు దాటితే సెలవు మురిగిపోతుంది. మన పద్ధతికీ ఈ గడువుకీ పొత్తు కుదరనిది ఇక్కడే. తల్లీబిడ్డలను మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి పంపుతారు. "ఇంటికొచ్చాక సెలవు పెడతాను" అని తండ్రి ఆగుతాడు. జనవరి పదిన కాన్పయితే జూలై పదితో గడువు. ఐదో నెలలో కుదరక, ఆషాఢంలో పంపకూడదని ఆగి, శ్రావణంలో పంపేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. అడగాల్సినవాడు అడగలేదు కాబట్టి ఆఫీసు తప్పేమీ లేదు. పంపే రోజు గురించి పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడే గడువు తేదీ చెప్పేయండి. ముహూర్తం దానికి లోపల దొరుకుతుంది.

ఎప్పుడు పెట్టాలన్నదాని మీద నా అభిప్రాయం ఇది. సిజేరియన్ అని ముందే తెలిస్తే ఆపరేషన్ రోజు నుంచే పెట్టండి. మామూలు కాన్పయి, కన్నవారింట మనుషులుంటే, తొలి నాలుగు రోజులు ఈఎల్ వాడి, ఆ పదిహేనూ తల్లీబిడ్డలు మీ ఇంటికి వచ్చే వారానికి దాచండి. అప్పటిదాకా నలుగురు చూసిన బిడ్డను ఒక్కసారిగా ఆమె ఒక్కతే చూసుకోవాల్సి వచ్చే వారం అది. ఎక్కువ ఆఫీసులు ఈ సెలవును ముక్కలు చేసి ఇవ్వవు, ఒకే విడతగా అడగండి. టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడతాయి. పద్నాలుగో వారం టీకా మీ ఊళ్లో వేయించేలా చూసుకుంటే సెలవులోనే అయిపోతుంది. టీకా కార్డు మాత్రం అక్కడ మరిచిపోకండి.

కాగితాల దగ్గర చిక్కు వేరే ఉంది. పుట్టుక నమోదు బిడ్డ పుట్టిన చోటే అవుతుంది, తండ్రి ఉద్యోగం చేసే చోట కాదు. ఆంధ్రాలో కాన్పయితే సర్టిఫికెట్ అక్కడిదే. 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. ఆంధ్రా వైపు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా సర్వీసు పుస్తకంలో చివర ఉంటుంది. రెండూ కలవక దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడే మీ సర్వీసు పుస్తకంలో ఉన్న వరసలోనే, అవే అక్షరాలతో రాయించండి. బిడ్డ పేరు ఇంకా పెట్టలేదని ఆగనక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి తర్వాత చేర్చవచ్చు. సెలవు దరఖాస్తుకు డిశ్చార్జి కాగితం జిరాక్సు జత చేయండి.

ప్రైవేటు వాళ్ల సంగతే బాధ. మెటర్నిటీ చట్టం 1961లో వచ్చింది, 2017లో తల్లికి 26 వారాలైంది, అందులో తండ్రి ఊసే లేదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ లేదు. మహారాష్ట్రలోని హింగోలి ఎంపీ రాజీవ్ సాతవ్ 2017లో తండ్రుల సెలవు కోసం లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు (ప్రభుత్వం తరఫున కాకుండా ఎంపీ సొంతంగా పెట్టేది) పెట్టారు. అది చట్టం కాలేదు.

యజమానులు "ఖర్చు" అంటారు. లెక్క కడదాం. పదిమంది పనిచేసే కొట్టు, ఒక్కొక్కరికి నెలకు 15,000. ఏడాది జీతాలు 18 లక్షలు. ఆ ఏడాది ఒకరికి బిడ్డ పుడితే పదిహేను రోజుల జీతం 7,500. మొత్తం జీతాల్లో నూటికి అర రూపాయి కూడా కాదు. అయినా అది ఒక్క యజమాని మీద పడితే, కొత్తగా పెళ్లయిన కుర్రాణ్ణి పనిలో పెట్టుకోవడానికి వెనకాడతాడు. తల్లుల సెలవు విషయంలో ఆడవాళ్లకు జరుగుతున్నది అదే. అందుకే ఈ సెలవు జీతం ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) లాంటి ఉమ్మడి నిధి నుంచి రావాలని నా వాదన. ఈఎస్ఐకి ఇప్పటికే కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడుతున్నారు. బీమా ఉన్న ఆడవాళ్లకు కాన్పు సెలవు డబ్బు ఆ నిధే ఇస్తోంది, తండ్రికి మాత్రం సెలవు లేదు.

స్వీడన్ 1974లోనే తల్లిదండ్రులిద్దరికీ కలిపి సెలవు ఇచ్చింది. తండ్రులు పెద్దగా వాడుకోలేదు. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించి, అతను వాడకపోతే పోతుందన్నాకే చాలామంది కదిలారు.

చట్టం వచ్చేదాకా ప్రైవేటు కొలువువాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఎనిమిదో నెలలోనే యజమానికి కాన్పు తేదీ రాసి ఇవ్వండి, మీ పని ఎవరు చూస్తారో కూడా అందులోనే రాయండి. జీతంతో కనీసం వారం అడగండి. బీమా ఉన్న కార్మికుడి భార్య ఈఎస్ఐ వైద్యం దొరకని చోట ప్రసవిస్తే కాన్పు ఖర్చు కింద 7,500 రూపాయలు రెండు కాన్పుల వరకు వస్తాయి. దాన్ని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగాలి, యజమానిని కాదు.