వ్యవసాయ శాఖ, అటవీ శాఖ: ఎకానమీలో నాకు పట్టు చిక్కిన చోటు

గ్రూప్-2 తుది జాబితాలో నా నంబరు చూసుకున్నప్పటి నుంచి మిత్రులు ఎక్కువగా అడుగుతున్నది ఎకానమీ గురించే. పాలిటీ, చరిత్రలకు పాత ప్రశ్నపత్రాలూ పునశ్చరణా సరిపోయాయి కనుక, ఇక్కడ వ్యవసాయ మంత్రిత్వ శాఖ గురించి మాత్రమే రాస్తాను.

పీఎం-కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు, ఫసల్ బీమా 2016లో అంటూ పట్టికలు బట్టీ పడితే పరీక్ష హాలులో నిలవవు. ప్రశ్నలు శాఖల సరిహద్దుల దగ్గరే పుడతాయి. మద్దతు ధరలను సిఫారసు చేసే కమిషన్ వ్యవసాయ శాఖ కిందిది, ధాన్యం సేకరించే భారత ఆహార సంస్థ ఆహార శాఖ కిందిది.

అడవుల విషయంలో ఈ సరిహద్దు మరింత ఆసక్తికరం. 1985 వరకు కేంద్రంలో అడవులు వ్యవసాయ శాఖలోనే ఉండేవి. ఆ ఏడాదే పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ ఏర్పడింది. అంతకుముందే, 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ అడవులను ఉమ్మడి జాబితాకు (కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల అంశాలకు) మార్చగా, వ్యవసాయం రాష్ట్రాలు చట్టాలు చేసే రాష్ట్ర జాబితాలోనే మిగిలింది.

నాకు ఇదంతా స్పష్టమైంది వెదురు గురించి చదివినప్పుడు. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా పరిగణించడం వల్ల, రైతు తన పొలంలో పెంచుకున్న వెదురును నరికి తరలించాలన్నా అటవీ అనుమతుల చిక్కు ఉండేది. 2017 సవరణ అటవీ భూముల వెలుపల పెరిగే వెదురును ఆ నిర్వచనం నుంచి తప్పించింది. జాతీయ వెదురు మిషన్‌ను నడుపుతున్నది వ్యవసాయ శాఖ. మొక్క ఒకటే అయినా, అది పెరిగే నేలను బట్టి చట్టమూ శాఖా మారతాయని గ్రహించాక, పొలాల్లో పంటలతో పాటు చెట్లు పెంచడానికి సంబంధించిన 2014 జాతీయ వ్యవసాయ-అటవీ విధానం ఎందుకు అవసరమైందో వేరుగా కంఠస్థం చేయవలసిన పని లేకపోయింది. మన పోడు భూముల పట్టాలకు ఆధారమైన 2006 అటవీ హక్కుల చట్టానికి కేంద్రంలో నోడల్ శాఖ, అంటే అమలు బాధ్యత చూసే ప్రధాన శాఖ, గిరిజన వ్యవహారాలదని కూడా అప్పుడే మనసులో స్థిరపడింది.

ఒక్క బిట్టు కోసం ఇంత లోతు ఎందుకని తోటి అభ్యర్థులు అనేవారు. పొలం గట్టున ఉన్న చెట్టు కొట్టుకోవడానికి అనుమతి అడిగే రైతును ఏ కార్యాలయానికి పంపాలో తెలియని ఉద్యోగిగా ఉండడం నాకు ఇష్టం లేదు. అందుకే చదివాను, ఆ సమయం వృథా అయిందని ఎన్నడూ అనుకోలేదు.

మీ నోట్సులో ప్రతి పథకం పక్కన నిధులు ఎవరివి, అమలు ఎవరిది, ఆ అంశం ఏ జాబితాలోనిది అన్న మూడూ రాసుకోండి. పాత పుస్తకాలు చదివేవారు మరొకటి సరిచూసుకోవాలి: మత్స్య, పశుసంవర్ధక, పాడి విభాగాలు 2019లోనే వ్యవసాయ శాఖ నుంచి విడిపోయి ప్రత్యేక మంత్రిత్వ శాఖగా ఏర్పడ్డాయి.