స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం ఉంది

మా మిర్యాలగూడ ఇంట్లో ఆడవాళ్ళ నెలసరి నొప్పికి ఒక వరస ఉంది. మొదట ఓర్చుకోవాలె. చాతకాకపోతే వాము నీళ్ళు, ఆ తర్వాత ఒక మెఫ్తాల్ స్పాస్ గోలీ. పెళ్ళయితే తగ్గుతదంటరు, కాన్పయితే తగ్గుతదంటరు. అప్పటికీ తగ్గకుంటే నలభై నిండకముందే గర్భసంచి తీయించేస్తరు. మా అక్కకు అట్లనే అయింది. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్ర ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మా వాడకట్టులో తిరిగినా ఆ సంగతి తెలుస్తుంది.

నా కూతురు ఇంగ్లండులో పుట్టి పెరిగింది. పదహారేళ్ళు. నెలసరి వస్తే మంచం దిగలేదు, స్కూలు మానాల్సి వస్తుంది, ఈమధ్య ఆ రోజుల్లో టాయిలెట్‌కు వెళ్ళినా నొప్పే. అక్కడి డాక్టరు ఎండోమెట్రియోసిస్ కావచ్చని అనుమానపడింది. ఆగస్టు సెలవులకు ఊరికొచ్చినప్పుడు నొప్పి ఎక్కువైతే మావాళ్ళు పట్టుబట్టి స్కానింగ్ తీయించారు. పొట్ట మీంచి తీసిన స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు. "ఏం లేదన్నరు గద బిడ్డా, ఇగ మనసుల పెట్టుకోకు" అంది మా అమ్మ. ఇంటిల్లిపాదీ సంతోషపడుతుంటే పిల్ల ఒక్కతే ఏడ్చింది. "అయితే నేను అబద్ధం చెప్తున్నానా అమ్మమ్మా?" అని అడిగింది.

అబద్ధం కాదు. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట, అండాశయాల మీదా పేగుల మీదా పొత్తికడుపు లోపలి గోడల మీదా పెరగడమే ఈ జబ్బు. అండాశయంలో గడ్డ కడితే స్కానింగ్‌కు దొరుకుతుంది. పైపైన చిన్న మచ్చల్లా ఉంటే చాలాసార్లు దొరకదు. అందుకే స్కానింగ్, ఎంఆర్‌ఐ రెండూ నార్మల్ వచ్చినా, లక్షణాలుంటే ఈ జబ్బు లేదని తేల్చేయకూడదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2017 మార్గదర్శకాల్లోనే రాసింది. సీఏ-125 అనే రక్తపరీక్షతోనూ తేల్చలేరు. ఇదంతా అమ్మకు తెలుగులో, పిల్ల ముందరే చెప్పాను. పక్కగదిలోకి పోయి గుసగుసగా చెప్పడం నాకిష్టం లేదు.

ఇక ఏం చెయ్యాలి? నా మనసు లాపరోస్కోపీ మీద, అంటే పొట్టకు చిన్న కోత పెట్టి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్ మీద ఉండింది. హైదరాబాద్‌లో అయితే తొందరగా అయిపోతుంది, ఇంగ్లండులో వెయిటింగ్ లిస్టు. కెమెరాతో చూసి ఔనో కాదో చెప్పేస్తే నాకు నిద్ర పడుతుంది. కానీ పిల్ల అడిగిన ప్రశ్న సరైనది: "మచ్చలు తీసేశాక మళ్ళీ రావా?" రావచ్చు. ఆపరేషన్ అయ్యాక కూడా చాలామందిని హార్మోన్ మాత్రలు వాడమంటారు. ఒకప్పుడు లాపరోస్కోపీ చేస్తేనే జబ్బును నిర్ధారించేవాళ్ళు. స్కాన్‌లలో ఏమీ దొరకనప్పుడు, మందులు పనిచేయనప్పుడు లేదా సరిపడనప్పుడు దానికి వెళ్ళమని 2022లో యూరప్ నిపుణుల సంఘం ఈష్రే చెప్పింది. అనుమానం మీదనే మందులు మొదలుపెట్టవచ్చు. ముందు మందులే అని పిల్ల తేల్చి చెప్పింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మందులంటే నొప్పి మాత్రలతో పాటు హార్మోన్లు. మా ఊళ్ళో అవి పిల్లలు కాకుండా వేసుకునే గోలీలు. పెళ్ళికాని పిల్లకు అవా? రేపు సంతానం కాకుంటే? నలుగురికీ తెలిస్తే? అమ్మ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని చిన్నచూపు చూడను. ఆ మాత్రలు వాడినంత మాత్రాన పిల్లలు పుట్టే శక్తి పోదని, పిల్లల్ని కనడం ఈ జబ్బుకు వైద్యం కాదని ఎన్నో తీర్ల చెప్పి చూశాను. చివరికి నోరు తెరిచింది మా అక్క.

"సంచి తీసినంక గూడ నాకు నొప్పి పోలే. అప్పుడు నన్నెవ్వరు అడగలే. దాన్నన్న అడగుండ్రి."

అక్కది ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు, కాగితాలూ లేవు. గర్భసంచి బయట ఉన్న మచ్చలు, సంచి తీసినంత మాత్రాన పోవన్నది మాత్రం నిజం. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, అక్క మాటను ఇంగ్లండు డాక్టరుకు కూడా చెప్పాం.

అక్కడ పదహారు నిండితే చికిత్సకు పిల్ల సమ్మతి చాలు. డాక్టరు నన్ను కాసేపు బయట కూర్చోమంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. యోని లోపలి నుంచి తీసే స్కానింగ్ వద్దని చెప్పానని, వద్దంటే ఎవరూ బలవంతం చేయలేదని పిల్లే చెప్పింది. మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగి, చూసుకుని హార్మోన్ మాత్ర రాశారు. మనదగ్గర ఎక్కువగా రాసే డైనోజెస్ట్ అనే ఇంకో హార్మోన్ మాత్ర గురించి నేను అడిగాను. ఎదిగే వయసులో ఎముకల బలం తగ్గే అవకాశం ఉంది కాబట్టి అది ఆలోచించి వాడాలట.

మొదటి నెలల్లో మధ్యమధ్యలో కొంచెం రక్తం కనపడుతుందని ముందే చెప్పడంతో కంగారు పడలేదు. నొప్పి ఏ రోజు ఎంత, స్కూలు మానాల్సి వచ్చిందా లేదా అన్నది పిల్ల ఫోన్లో రాసుకుంటోంది. అమ్మ ఇప్పుడు వీడియో కాల్‌లో నన్ను కాకుండా మనవరాలినే నేరుగా అడుగుతోంది. తగ్గకుంటే కౌమార వయసు వాళ్ళను చూసే గైనకాలజీ విభాగానికి పంపిస్తామన్నారు. అక్కడ ఎంఆర్‌ఐ, అవసరమైతే లాపరోస్కోపీ. అది చేస్తే ఈ జబ్బులో చెయ్యి తిరిగిన సర్జనే చెయ్యాలని, మచ్చలు కనపడితే అప్పుడే తీసేస్తారా అని ముందుగానే అడగాలని పిల్ల ఆ ఫోన్లోనే రాసి పెట్టుకుంది.