కబ్బన్ పార్కులో చెట్టు నుంచి చెట్టుకి

అనంతపురం వాళ్లకి బెంగళూరు పోవడం యాత్ర కింద లెక్క కాదు. ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో, విమానం ఎక్కేవాళ్లని దింపి రావడానికో పోతుంటాం. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి... బస్సులో నిద్రపోతున్నా ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఈసారి మాత్రం ఆడుకోవడానికే పోయాను. నలభై దాటిన మనిషి ఆ మాట ఇంట్లో చెప్పి గడప దాటడం అంత తేలిక కాదు.

పిలిచింది మా బావమరిది. కొన్నేళ్లు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసి వచ్చి ఇప్పుడు మారతహళ్లిలో ఉంటున్నాడు. అక్కడ అంటుకున్న డిస్క్ గోల్ఫ్ పిచ్చి ఇక్కడికొచ్చినా వదల్లేదు. ఫ్రిస్బీ అంటే మనకు తెలిసింది ఒకరు విసిరితే ఇంకొకరు పట్టుకోవడం. ఇందులో పట్టుకునేవాళ్లు ఉండరు. ఒకచోట నిలబడి డిస్క్ విసరాలి, అది పడ్డచోటి నుంచి మళ్లీ విసరాలి, ఎంత తక్కువ విసుర్లలో గురి చేరితే అంత గొప్ప. కర్ర లేదు, బంతి లేదు, క్లబ్బు మెంబర్‌షిప్ అసలే అక్కర్లేదు. అసలు కోర్సుల్లో గుంతకు బదులు స్తంభానికి బిగించిన ఇనుప బుట్ట, దాని పైన వేలాడే గొలుసులు ఉంటాయి. డిస్క్ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి.

కబ్బన్ పార్కులో మేం ఆడినచోట బుట్టల్లేవు. "చెట్లున్నాయి కదా బావా, ఇంకేం కావాలి?" అన్నాడు వాడు.

మొదట నాకది సర్దుకుపోవడంలా అనిపించింది. కానీ ఆట పుట్టిందే అలాగట. బుట్ట రాకముందు అమెరికాలోనూ చెట్లు, దీపస్తంభాలు, చెత్తడబ్బాలే గురి. ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజెలెస్ పక్కన ఓక్ గ్రోవ్ పార్కులో మొట్టమొదటి శాశ్వత కోర్సు వేశాడు. అక్కడ కూడా మొదట్లో ఉత్త స్తంభాలే. గొలుసుల బుట్టను తర్వాత ఆయనే తయారుచేసి 1977లో పేటెంట్ తెచ్చుకున్నాడు. నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ పక్కనే ఉన్న ఆ పార్కులో మా వాడు ఆడాడు. దూరాలు ఇప్పటి లెక్కలో తక్కువే, కానీ పాత ఓక్ చెట్లు దేన్నీ తిన్నగా పోనివ్వవని చెప్తాడు. హెడ్రిక్ 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు చేయించారు. ఇది వింటున్న మా వాడి కూతురు "అయితే ఆ తాత ఇప్పటికీ చెట్లకి గుద్దుకుంటూనే ఉన్నాడన్నమాట" అంది. నవ్వాలో గదమాలో తెలియలేదు.

ఆదివారం పార్కు లోపలి రోడ్ల మీద బండ్లను వదలరు. తెల్లవారగానే చేరితే జనం పలచగా ఉంటారు, అప్పుడే ఆడుకోవాలి. హైకోర్టు ఎర్ర భవనం వెనకనుంచి నడుచుకుంటూ పోతే పెద్ద పెద్ద రాళ్లు, వెదురు పొదలు, ఆకాశానికి ఎగబాకిన సిల్వర్ ఓక్‌లు. 1870లో రిచర్డ్ సాంకీ అనే ఇంజనీరు ఈ పార్కు వేయించినప్పుడు ఇలాంటి ఆటను ఊహించి ఉండడు. మా ఊళ్లో ఇంత నీడ కావాలంటే ఎన్ని మైళ్లు పోవాలో!

ఆటకు ముందే వాడొక నియమం పెట్టాడు. చెట్టు గురే గానీ, చెట్టుకు కొట్టకూడదు. మాను నుంచి చేయి చాపినంత దూరంలో డిస్క్ ఆగితే చాలు. బెరడుకు తగిలితే ఒక విసురు అదనంగా రాసుకోవాలి. అసలు కోర్సుల్లో ఎదురుగా ఉండే చెట్లు ఏళ్ల తరబడి దెబ్బలు తిని బెరడు ఊడిపోతాయి, చాలాచోట్ల మాను చుట్టూ చెక్కలు నిలబెట్టి కాపాడతారు. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి మా చేతులే అదుపులో ఉండాలి. ఎవరైనా నడుస్తూ ఎదురొస్తే వాళ్లు దాటేదాకా ఆగాలి. కుక్క వస్తే డిస్క్ వీపు వెనక దాచాలి.

డిస్కుల్లో దూరానికి డ్రైవర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, దగ్గరి గురికి పట్టర్ అని రకాలు. డ్రైవర్ అంచు పదునుగా ఉంటుంది, దూరం పోతుంది, కానీ చేతిలో వేగం ఉంటేనే. లేకపోతే మధ్యలోనే ఎడమకు ఒరిగి నేల కరుస్తుంది. కొత్తవాళ్లు ఆ సన్న అంచు చూసి మోజుపడతారు, దుకాణం వాళ్లు అదే అంటగడతారు. నా సలహా, పట్టర్ ఒక్కటి చాలు.

నాకు బాగా గుర్తున్నది వెదురు పొద దగ్గరి మలుపు. రెండు వరసల సిల్వర్ ఓక్‌ల మధ్య ఇరుకు సందు, సందు చివర కుడిపక్కన గురి. కుడిచేతి వాటం మనిషి మామూలుగా విసిరితే డిస్క్ వేగం తగ్గేకొద్దీ ఎడమకే పోతుంది. కావలసింది కుడికి. మా వాడు మోచేయి పక్కకి ఆనించి, చెరువులో పెంకు విసిరినట్టు మణికట్టు విదిలించాడు. డిస్క్ తిన్నగా సందు దాటి, చివర్లో కుడికి ఒరిగి, వెదురు ఆకుల మీద జారి ఆగింది. అరవబోయి ఆపుకున్నాను. చెట్ల మధ్య బలం పనికిరాదు. ఎక్కడ ఒరగాలో ముందే తెలిసినవాడిదే ఆట. ఖాళీ మైదానంలో ఈ మజా రాదు, నా లెక్కలో మైదానపు డిస్క్ గోల్ఫ్ సగం ఆటే.

మరోసారి వాడి డిస్క్ అతిగా ఎడమకు పోయినప్పుడు, బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి గాలి పలచనని సాకు చెప్పాడు. సైన్సు ప్రకారం నిజమే. సాకు మాత్రం సాకే.

ఇంతలో గార్డు విజిల్ వేసుకుంటూ వచ్చాడు. "ఏను సార్ ఇదు?" అన్నాడు. పిల్ల వాళ్ల నాన్నతో "అయిపోయింది నాన్నా, పంపించేస్తారు" అనగానే గార్డు ముఖం విచ్చుకుంది. "తెలుగోళ్లా? మాది ముళబాగిలు" అంటూ తెలుగులోకి దిగాడు. డిస్క్ తిరగేసి చూసి, "ఆ పక్క యోగా చేసేటోళ్లుంటారు, అటు పోవద్దండి. ఆ చెట్టు కింద కూడా నిలబడొద్దు, ఎండు కొమ్మ ఉంది" అన్నాడు. ఆ చెట్టే మా తర్వాతి గురి. ఇంకో చెట్టు వెతుక్కున్నాం.

తర్వాతిసారి మడతపెట్టే బుట్ట తెస్తానంటాడు మా వాడు. నేను వద్దన్నాను. బుట్ట పెడితే ఎప్పుడూ అదే చోటుకి విసరాలి, చుట్టూ జనం మూగుతారు, గార్డుకు లేనిపోని తలనొప్పి. ఇద్దరం తేల్చుకోలేదు.

ఎనిమిది కాకముందే జాగింగ్ వాళ్లు, సైకిళ్లు, కెమెరాలతో వచ్చే జంటలు దారులన్నీ నింపేశారు. విసరడానికి సందు లేక ఆట కట్టేశాం. స్కోరు కాగితం పిల్ల చేతిలో ఉంది. పట్టర్‌తో చిన్న చిన్న విసుర్లే వేసి అదే గెలిచింది. బెరడుకు తగిలిందని రాసిన ఒక విసురు తగల్లేదని వాళ్ల నాన్న టిఫిన్ హోటల్ దాకా వాదించాడు గానీ, అది మార్చలేదు.